మానవచరిత్రకు మూడు మెట్లు కట్టిన థామ్‌సెన్

చరిత్ర పాఠ్యపుస్తకం తెరచిన ప్రతి విద్యార్థికీ మొదట ఎదురయ్యే పాఠం ఒకటే. మానవుడు తొలుత రాతి పనిముట్లతో జీవించాడు. పిదప కంచును చేయడం నేర్చాడు. ఆ తరువాత ఇనుమును సాధించాడు. రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అనే ఈ మూడు మాటలను బాలబాలికలు ఎక్కాల వలె వల్లె వేస్తారు. ఉదయం వెంట మధ్యాహ్నం వచ్చినంత సహజంగా ఈ వరుస తోస్తుంది. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి కూర్చుని, మట్టి కొట్టుకుపోయిన వస్తువులను ఒక్కొక్కటిగా చేతపట్టి పరిశీలించి, ఈ వరుసను నిరూపించవలసి వచ్చిందన్న ఊహయే సాధారణంగా ఎవరికీ కలుగదు.

ఆ పని నెరవేర్చిన మహనీయుడు క్రిస్టియన్ యూర్గెన్‌సెన్ థామ్‌సెన్. దేశం డెన్మార్క్, ఊరు దాని రాజధాని కోపెన్‌హాగెన్, వృత్తి వర్తకం. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ పట్టం పుచ్చుకున్నవాడు కాడు. అయినప్పటికీ 1816 నుండి 1865లో కన్నుమూసే వరకు, సుమారు అర్ధశతాబ్ది కాలం, తన దేశపు పురావస్తు ప్రదర్శనశాలకు ప్రాణంపోసి పెంచాడు. డెన్మార్క్ జాతీయ ప్రదర్శనశాల ఆయన వేసిన పునాదిమీద నిలిచినదే. ప్రపంచంలోని పురావస్తు శాస్త్రమంతా ఆయన బీరువాలలో పుట్టిన సిద్ధాంతంతోనే తొలి అడుగులు వేసింది.

కరిగిపోయిన బంగారు కొమ్ములు

థామ్‌సెన్ కృషి విలువ తెలియాలంటే ఆయన బాల్యంలో డెన్మార్క్‌ను కుదిపివేసిన ఒక దొంగతనం గురించి ముందుగా చెప్పుకోవాలి.

జుట్లాండ్ ద్వీపకల్పపు దక్షిణ భాగంలో గాలెహుస్ అనే చిన్న పల్లె ఉన్నది. 1639లో ఆ పల్లె సమీపాన నడచి వెళ్తున్న ఒక రైతుబిడ్డ కాలికి ఏదో తగిలింది. త్రవ్వి చూడగా అది బంగారంతో చేసిన కొమ్ము. దాదాపు నూరేళ్ల పిదప, 1734లో, అక్కడికి కొద్ది దూరంలోనే మట్టి త్రవ్వుకుంటున్న మరొకరికి రెండవ కొమ్ము దొరికింది. మనుష్యుల బొమ్మలు, మృగాల బొమ్మలు, నక్షత్రాల గుర్తులు వాటిమీద తీర్చి ఉన్నాయి. అవి క్రీస్తుశకం అయిదవ శతాబ్ది నాటివని పండితుల నిర్ణయం. రెండవ కొమ్ముమీద రూనిక్ లిపిలో దానిని తయారుచేసినవాని పేరు సైతం చెక్కి ఉండేది. రెండూ రాజుగారి వింతవస్తువుల శాలకు చేరాయి.

1802 మే నెలలో ఒక రాత్రి నీల్స్ హైడెన్‌రైక్ అనే స్వర్ణకారుడు దొంగ తాళపుచెవులతో ఆ శాలలో ప్రవేశించి, రెండు కొమ్ములనూ అపహరించి కరిగించివేశాడు. మరుసటి ఏడు పట్టుబడ్డాడు, శిక్షను అనుభవించాడు. కాని కొమ్ములు మాత్రం తిరిగి రాలేదు. పూర్వం ఎవరో గీసి ఉంచిన చిత్రాలు తప్ప జాతికి మరేమీ మిగలలేదు. నేడు డెన్మార్క్‌లో చూపే కొమ్ములు ఆ చిత్రాల ఆధారంగా తిరిగి చేయించిన ప్రతిరూపాలు మాత్రమే. ఆ ఏటనే యువకవి ఎహ్లెన్‌ష్లేగర్ ఈ నష్టాన్ని వస్తువుగా గ్రహించి కావ్యఖండిక రచించాడు. పోయినది బంగారం కాదు, పూర్వుల జ్ఞాపకం అన్న భావం విద్యావంతులలో వ్యాపించింది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రాస్మస్ న్యూరప్ 1806లో ఒక గ్రంథం వెలువరించి, దేశానికంతకూ ఒక జాతీయ ప్రదర్శనశాల అవసరమని వాదించాడు. మరుసటి సంవత్సరమే, 1807లో, పురావస్తు పరిరక్షణకు రాజాజ్ఞపై ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం గ్రామగ్రామాన ఉన్న మతాచార్యులకు ప్రశ్నావళి పంపి, వారి వారి పొలిమేరలలోని సమాధి దిబ్బలు, రాతి గూళ్లు, శిలాశాసనాలను గురించి నివేదికలు తెప్పించుకున్నది.

అదే ఏడు సెప్టెంబరు మాసంలో దేశానికి పెద్ద విపత్తు వాటిల్లింది. డెన్మార్క్ నౌకాదళం నెపోలియన్ చేతికి చిక్కగలదన్న అనుమానంతో ఇంగ్లండు కోపెన్‌హాగెన్ నగరంపై ఫిరంగిగుండ్లు, అగ్నిబాణాలు కురిపించింది. ఇండ్లు తగులబడ్డాయి, ప్రధాన దేవాలయ శిఖరం కూలింది, నౌకాదళం పరహస్తగతమయింది. 1813లో రాజ్యపు బొక్కసం దివాలా తీసింది. 1814లో నాలుగు శతాబ్దులకు పైగా కలిసి ఉన్న నార్వే విడిపోయింది. వర్తమానంలో చెప్పుకోదగినది ఏదీ మిగలని ఆ కాలంలో ఒక చిన్న జాతి తన పూర్వుల వైపు దృష్టి సారించింది. అయితే ఆ పూర్వులు ఎవరో, ఎప్పటివారో చెప్పగల పుస్తకం ఒక్కటీ లేదు.

వర్తకుని పెద్దకుమారుడు

థామ్‌సెన్ 1788 డిసెంబరు 29న కోపెన్‌హాగెన్‌లో ఒక సంపన్న వర్తక కుటుంబంలో పెద్దకుమారుడుగా జన్మించాడు. తండ్రికి ఓడల వ్యాపారం ఉండేది. పెద్దకొడుకు తన తరువాత వ్యాపారం చూసుకోవాలన్నది ఆయన సంకల్పం. కనుక కుమారునికి ఇంటివద్దనే చదువు చెప్పించి, లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, సరుకుల బాగోగులు నేర్పించాడు. థామ్‌సెన్ ఆ విద్యలను శ్రద్ధగా అభ్యసించాడు. సరుకు రాగానే విప్పడం, రకాలవారీగా వేరుచేయడం, పుస్తకంలో ఎక్కించడం, ఏది ఎక్కడ ఉన్నదో అడిగిన వెంటనే చెప్పగలగడం ఆయనకు అలవాటయ్యాయి. కాలక్రమాన ఈ అలవాటే శాస్త్రానికి ఉపకరించింది.

యౌవనారంభంలోనే ఆయనకు పాత నాణేలపై మక్కువ కలిగింది. ఫ్రెంచి విప్లవానంతరం పారిస్ నుండి తిరిగివచ్చిన ఒక కుటుంబం వారి వస్తుసంచయాన్ని పెట్టెలనుండి విప్పి సర్దడంలో సహాయపడినందుకు కొన్ని ప్రాచీన నాణేలు బహుమానంగా లభించాయని ఆయన చరిత్రకారులు వ్రాశారు. ఆ కొద్ది నాణేలతో మొదలైన సేకరణ క్రమంగా పెరిగి, ఆయనను ఆ విషయంలో నగరంలో పేరుపొందిన పరిజ్ఞానిని చేసింది.

నాణెం చిన్నదే అయినా అది మంచి గురువు. దానిపై రాజు పేరుంటుంది, కొన్నింటిపై సంవత్సరం కూడ ఉంటుంది. ఏ కాలంలో ఏ రీతి బొమ్మ, ఏ కాలంలో ఏ రీతి అంచు, ఏ కాలంలో ఏ రీతి అక్షరం వాడుకలో ఉన్నదో వరుసగా పేర్చి చూస్తే తెలిసిపోతుంది. పేరు చెరిగిపోయిన నాణేన్ని సైతం దాని తీరునుబట్టి తగిన చోట పెట్టవచ్చు. రూపమే కాలాన్ని చెప్పగలదన్న ఈ సూక్ష్మాన్ని థామ్‌సెన్ నాణేల పళ్లెంలో నేర్చుకున్నాడు. రాజు పేరు గాని, అక్షరం గాని లేని రాతిగొడ్డలికి దీనిని అన్వయింపజేయడం తరువాతి కథ.

అటకమీది కుప్ప

1816లో పురావస్తు పరిరక్షణ సంఘానికి కార్యదర్శి కావలసి వచ్చింది. న్యూరప్ అంతవరకు సేకరించిన వస్తువులు ట్రినిటాటిస్ అనే దేవాలయపు పై అంతస్తులో, గ్రంథాలయపు ప్రక్కన, దుమ్ము కొట్టుకుపోయి పడి ఉన్నాయి. జీతంలేని పదవి. పండితులు పలువురు ఉన్నా ఆ కుప్పను సర్దగల ఓపిక ఉన్నవారు అరుదు. అప్పటికి థామ్‌సెన్ వయస్సు 27 సంవత్సరాలు. పట్టం లేదన్న కొరత ఉన్నా, నాణేల సేకరణలో ఆయన చూపిన క్రమశిక్షణ, స్వతంత్రమైన ఆదాయం సంఘాన్ని ఆయన వైపు మొగ్గజేశాయి. పగలు కుటుంబ వ్యాపారం చూసుకుంటూ, తీరిక వేళలలో ప్రదర్శనశాల పని చేస్తూ ఆయన 1840 వరకు రెండు కాడులూ మోశాడు.

మొదట చేసిన పని ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి పుస్తకంలో ఎక్కించడం. ఎక్కడ దొరికింది, ఎవరు పంపారు, దానితోపాటు ఇంకేమి దొరికాయి అన్న వివరాలు సంపాదించడం. దూరప్రాంతాల ఆచార్యులకు, అధికారులకు, భూస్వాములకు విరివిగా ఉత్తరాలు వ్రాశాడు. వస్తువును పంపేవారు దానిని కడిగి మెరుగుపెట్టి పంపడం కంటె, దొరికిన తీరును వివరంగా వ్రాసి పంపడం మేలని ఆయన గ్రహించాడు.

అంతవరకు ఈ వస్తువులను ఎవరూ వరుసపెట్టలేకపోవడానికి కారణం ఉన్నది. ఉత్తరదేశాలలో వ్రాతపూర్వక చరిత్ర సుమారు వెయ్యేళ్లకు మించి వెనుకకు పోదు. అంతకు పూర్వమంతా ఒకే చీకటి. ఆ చీకటిలో నూరేళ్లనాటిదీ, అయిదువేల ఏళ్లనాటిదీ ఒక్కటిగానే కనిపించేవి. పొలంలో దొరికిన నున్నని రాతిగొడ్డళ్లను పల్లెటూరి ప్రజలు మెరుపుతో ఆకాశంనుండి పడిన పిడుగురాళ్లని నమ్మి, ఇంటిమీద పిడుగు పడకుండా చూరులో దాచుకునేవారు. దక్షిణ భారతంలోనూ ఇటువంటి నూరిన రాళ్లను చెట్లక్రింద, చిన్నగుళ్లలో ఉంచి పూజించిన గ్రామాలు ఉన్నాయి. మనిషి చేతిపనిని దేవతల పనిగా తలచడం అన్ని దేశాలలోనూ ఉన్నదే.

వరుస కుదిరిన విధం

రాయి, కంచు, ఇనుము ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఉండవచ్చునన్న ఊహ థామ్‌సెన్‌కు ముందే ఉన్నది. రోమన్ కవి లుక్రీషియస్ క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలోనే ఆ భావాన్ని తన కావ్యంలో వెల్లడించాడు. డెన్మార్క్‌లోనే వేడెల్ సిమొన్‌సెన్ అనే చరిత్రకారుడు 1813లో ఇంచుమించు అదే మాట వ్రాశాడు. అయితే అది ఊహ. ఊహకూ రుజువుకూ నడుమనున్న అగాధాన్ని దాటించినవాడు థామ్‌సెన్.

చిక్కు ఎక్కడ ఉన్నదో గమనించాలి. వస్తువులను పదార్థాన్నిబట్టి మూడు బల్లలమీద పెట్టడం ఏ పిల్లవాడైనా చేయగలడు. కాని ఇనుము వచ్చిన తరువాత కంచు వాడకం ఆగిపోలేదు. నగలకు, పాత్రలకు కంచు వాడుతూనే వచ్చారు. కంచు వచ్చిన వెంటనే రాయి మాయం కాలేదు. పైగా మరొక శంక కలదు. ధనికుడు కంచుకత్తి పట్టిన దినాననే పేదవాడు రాతిగొడ్డలి పట్టి ఉండవచ్చును గదా? అప్పుడు ఇవి మూడు కాలాలు కావు, ఒకే కాలంలోని మూడు అంతస్తులు అవుతాయి. కంచుకంకణం ఒకటి చేతికి వచ్చినప్పుడు అది కంచుయుగానిదా, ఇనుపయుగానిదా అన్నది పదార్థంవల్ల తేలదు.

థామ్‌సెన్ కనిపెట్టిన ఉపాయం సామాన్యుడికి కూడ బోధపడేటంత సరళమైనది. ఒక సమాధిలో ఒకనాడు పూడ్చి మూసివేసిన వస్తువులు, ఒక కుండలో దాచి పాతిన వస్తువులు ఒకే కాలంలో వాడుకలో ఉండినవి కావాలి. మూతవేసిన పెట్టె సాక్ష్యం చెప్పినట్లు మూసిన సమాధి సాక్ష్యం చెబుతుంది. కాబట్టి వస్తువును విడిగా చూడక, దానితో కలిసి దొరికిన వస్తువులతో చేర్చి చూశాడు. కొన్ని సమాధులలో రాతి ఆయుధాలు తప్ప లోహమన్నదే లేదు. కొన్నింట కంచుకత్తులు, కంచుబాకులు, బంగారు నగలు ఉన్నాయి. ఇనుపకత్తి గాని వెండి గాని లేదు. మరికొన్నింట ఇనుప ఆయుధాల వెంట వెండి ఉన్నది. కోతకు పదునుపెట్టే ఆయుధం కంచుదై ఉన్నచోట ఇనుపది కనిపించడం లేదు. ఇది ధనిక దరిద్ర భేదంవల్ల కలిగేది కాదు, కాలభేదంవల్ల మాత్రమే కలిగేది.

పిమ్మట నాణేలు నేర్పిన పాఠం అక్కరకు వచ్చింది. కంచుకత్తులతో కలిసి దొరికిన వస్తువులమీద సుడులు తిరిగిన అలంకారం అధికం. ఇనుపకాలపు చివరి వస్తువులమీద పాములు, డ్రేగన్లు మెలికలు తిరిగిన అలంకారం అధికం. శవాన్ని పెద్దరాళ్ల గూటిలో ఉంచడం ఒక కాలపు ఆచారమైతే, దహనం చేసి బూడిదను కుండలో పెట్టడం మరొక కాలపు ఆచారం. పదార్థం, రూపం, అలంకారం, సమాధి చేసిన విధం, కలిసి దొరికిన వస్తువులు అనే అయిదు సాక్ష్యాలూ ఏకమై ఒకే వరుసను చూపినప్పుడు, ఒంటరిగా దొరికిన కంచుకంకణానికి కూడ దాని యుగం నిర్ణయించడం సాధ్యమయింది.

ఈ వరుసను ఆయన ముందుగా ప్రదర్శనశాల గదులలోనే అమర్చి చూపాడు. పుస్తకంగా అది 1836లో వెలువడింది. ఉత్తరదేశాల పురావస్తువులకు మార్గదర్శిక అన్న అర్థంవచ్చే పేరుగల ఆ చిన్న గ్రంథంలో ఒక భాగం ప్రాచీన సాహిత్యాన్ని గురించి మరొకరు వ్రాసినది కాగా, వస్తువులను గురించిన భాగం థామ్‌సెన్ రచన. మరుసటి ఏడు జర్మన్ భాషలోకి, 1848లో ఆంగ్లంలోకి అది అనువాదమయింది. పండితులకోసం గాక, పొలంలో వస్తువు దొరికినవాడు దానిని గుర్తించి జాగ్రత్త చేయడంకోసం వ్రాసినది కావడం ఆ గ్రంథం ప్రత్యేకత.

రైతులు వచ్చిన ప్రదర్శనశాల

ఆ రోజులలో ఐరోపాలోని వస్తుసంచయాలు అనేకం రాజుల వినోదానికి, వారి అతిథుల కుతూహలానికి ఏర్పడినవి. థామ్‌సెన్ 1819లో దేవాలయపు పై అంతస్తులోని తన ప్రదర్శనశాల తలుపులను ప్రజలకు తెరచాడు. 1832లో వస్తువులను క్రిస్టియన్స్‌బోర్గ్ రాజప్రాసాదంలోని గదులకు తరలించారు. రాతియుగానికి ఒక గది, కంచుయుగానికి ఒక గది, అలా గదివెంట గది. దర్శకుడు నడుస్తూపోతే కాలంలో ముందుకు సాగుతున్నట్లే. 1850వ దశకంలో అది రాకుమారుని భవనమని పేరుగల మరొక పెద్ద భవనానికి మారింది. నేటి డెన్మార్క్ జాతీయ ప్రదర్శనశాల ఆ భవనంలోనే ఉన్నది.

థామ్‌సెన్ స్వయంగా దర్శకులను వెంటబెట్టుకొని తిప్పేవాడు. రాజకుటుంబీకులు వచ్చినా, విదేశపు పండితుడు వచ్చినా, పల్లెనుండి వచ్చిన రైతు వచ్చినా ఆయన ఉత్సాహంలో లోపం ఉండేది కాదు. రైతుల రాకను ఆయన ప్రత్యేకించి కోరుకున్నాడు. దానికి బలమైన కారణమున్నది. పురావస్తువులు పండితుని గ్రంథాలయంలో దొరకవు, రైతు నాగటిచాలులో దొరుకుతాయి. నాగలికి తగిలిన కంచుముక్క ప్రదర్శనశాలకు చేరడమో, కొలిమికి చేరడమో ఆ రైతు ఆ క్షణాన తీసుకునే నిర్ణయంమీద ఆధారపడి ఉంటుంది.

డెన్మార్క్‌లో భూమిలో దొరికిన నిధి రాజుకు చెందుతుందన్న చట్టం పూర్వమే ఉన్నది. 1752లో వెలువడిన రాజశాసనం ప్రకారం అప్పగించినవానికి దాని లోహపు ధర పూర్తిగా చెల్లించాలి. స్వర్ణకారుడు ఇచ్చే సొమ్ము ప్రభుత్వమే ఇచ్చినప్పుడు దాచవలసిన అవసరం ఉండదు. చట్టం సొమ్మును ఇస్తే, థామ్‌సెన్ గౌరవాన్ని జతచేశాడు. తన పొలంలో దొరికిన వస్తువు రాజప్రాసాదపు గదిలో, దాని యుగంలో, దాని తోబుట్టువుల నడుమ నిలిచి ఉండగా చూసిన రైతు ఊరికి వెళ్లి ఆ సంగతి పదిమందికి చెప్పేవాడు. గాలెహుస్ కొమ్ములకు పట్టిన గతి మరొక వస్తువుకు పట్టకుండా కాపాడే కావలి తాళపుచెవులలో లేదు, ప్రజల తెలివిడిలో ఉన్నది.

ఆయన దృష్టి స్వదేశానికే పరిమితం కాలేదు. 1840వ దశకంలో ప్రపంచంలోని వివిధ జాతుల జీవనవిధానాలను తెలిపే వస్తువులతో మరొక ప్రదర్శనశాలను రూపొందించాడు. ఆ తరహా సంస్థలలో మొట్టమొదటి వాటిలో అదొకటి. నాణేల భాండారం, చిత్రశాల కూడ కొంతకాలం ఆయన పర్యవేక్షణలో నడిచాయి.

శిష్యుడు, మనస్పర్థ

మహనీయుల జీవితంలోనూ లోపాలు ఉంటాయి. థామ్‌సెన్ వర్తకుని మితవ్యయం కొన్ని సందర్భాలలో కాఠిన్యంగా పరిణమించింది. 1821లో జన్మించిన యెన్స్ యాకబ్ వోర్సో అనే ప్రతిభావంతుడైన యువకుడు చిన్నవయస్సులోనే ప్రదర్శనశాలలో ఉచితంగా పనిచేస్తూ వచ్చాడు. తండ్రి మరణించి ఇల్లు గడవడం కష్టమైనప్పుడు కొంత జీతం కావాలని అతడు కోరాడు. తాను ఏళ్ల తరబడి జీతంలేక పనిచేసిన థామ్‌సెన్ అందుకు అంగీకరించలేదు. వోర్సో అలిగి వెళ్లిపోయాడు. రాజు ఎనిమిదవ క్రిస్టియన్ అతనిని ఆదరించాడు.

కలిమిగల ఇంట పుట్టినవాడు చేయగల త్యాగాన్ని లేమిలో ఉన్నవానినుండి ఆశించడం న్యాయం కాదు. విద్యాసంస్థలకూ, సేవాసంస్థలకూ ఈ ఉదంతం ఒక హెచ్చరిక. జీతంలేని సేవమీద మొదలైన సంస్థ జీతంలేని సేవమీదనే శాశ్వతంగా నిలవజాలదు.

అయితే శాస్త్రానికి మాత్రం ఆ ఎడబాటు నష్టం కలిగించలేదు. వోర్సో గురువు సిద్ధాంతాన్ని విడనాడలేదు. గదులలోని వరుసను నేలలోనే చూపడానికి పూనుకున్నాడు. సమాధి దిబ్బలను పొరలుపొరలుగా పరిశీలించి, అడుగుపొరల్లో రాతివస్తువులు, వాటిపైన కంచువి, ఆ పైన ఇనుపవి ఉండడాన్ని నిరూపించాడు. 1843లో డెన్మార్క్ ప్రాచీన చరిత్రపై గ్రంథం ప్రకటించాడు. ప్రకృతిశాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రుప్ ఊబినేలల పొరలను పరిశీలించగా, రాతి పనిముట్లు పైన్ చెట్ల కాలపు పొరలోను, కంచువి ఓక్ చెట్ల కాలపు పొరలోను, ఇనుపవి బీచ్ చెట్ల కాలపు పొరలోను కనిపించాయి. మనుష్యుల చేతిపనికి అడవులు సాక్ష్యం పలికాయి. స్వీడన్‌నుండి వచ్చి థామ్‌సెన్ వద్ద పని నేర్చుకున్న హిల్డెబ్రాండ్ తన దేశపు రాజధానిలోని పురావస్తువులను అదే పద్ధతిలో అమర్చాడు. జర్మనీలో లిండెన్‌ష్మిట్ వంటి పండితులు చిరకాలం వ్యతిరేకించినా, వస్తువులు పలికిన సాక్ష్యం ముందు ఆ వాదం నిలువలేదు.

1864లో జరిగిన యుద్ధంలో డెన్మార్క్ తన దక్షిణ ప్రాంతాలను కోల్పోయింది. మరుసటి ఏడు, 1865 మే 21న, 76 సంవత్సరాల వయస్సులో థామ్‌సెన్ పరమపదించాడు. ఆయన పీఠాన్ని అధిష్ఠించినవాడు ఒకనాడు అలిగి వెళ్లిన వోర్సోయే. 1892లో ఆ సంస్థకు జాతీయ ప్రదర్శనశాల అన్న పేరు ఏర్పడింది.

దక్షిణాపథాన మూడు మెట్లు

ఈ సిద్ధాంతం భారతదేశానికి రావడానికి ఎక్కువకాలం పట్టలేదు. డెన్మార్క్‌కూ దక్షిణదేశానికీ సంబంధం కొత్తది కాదు. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో డేనులు 1620లో కోట కట్టి, 1845లో ఆంగ్లేయులకు అమ్మేవరకు వర్తకం సాగించారు. కాని మూడు యుగాల భావం ఆ ఓడలలో రాలేదు. ఇంగ్లండు పుస్తకాల ద్వారా వచ్చింది.

1863 మే 30న, థామ్‌సెన్ జీవించి ఉండగానే, భూగర్భశాస్త్ర శాఖలో ఉద్యోగి అయిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ మద్రాసు సమీపానగల పల్లావరంలో ఒక రాతి పనిముట్టును కనుగొన్నాడు. భారతదేశంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించడం అదే ప్రథమం. 1865లో, అంటే థామ్‌సెన్ అస్తమించిన ఏటనే, ఆంగ్లపండితుడు జాన్ లబ్బాక్ రాతియుగాన్ని పాతరాతియుగం, కొత్తరాతియుగం అని రెండుగా విభజించాడు. ఫూట్ తరువాతి నాలుగు దశాబ్దులలో బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బలను, కర్నూలు సీమలోని బిల్లసర్గం గుహలను, ఇంకా అనేక స్థలాలను శోధించాడు. ఆయన సేకరణ 1904లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరింది. 

1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరివద్ద మార్టిమర్ వీలర్ జరిపిన త్రవ్వకాలు దక్షిణాపథపు వరుసను నేలలోనే చూపాయి. అడుగున నూరిన రాతిగొడ్డళ్ల సంస్కృతి, దానిపైన పెద్దరాళ్ల సమాధుల ఇనుపకాలపు సంస్కృతి, ఆ పైన శాతవాహనుల కాలపు పొర. ఈ మూడవ పొరకు వీలర్ ఆంధ్ర సంస్కృతి అని పేరుపెట్టాడు. ఆంధ్రుల పేరు తుంగభద్రకు దక్షిణాన, కన్నడసీమ నేలపొరలలో నిలవడం తెలుగువారు విశేషంగా గమనించదగినది.

అయితే ఆ వరుసలో ఒక మెట్టు కనిపించదు. దక్షిణ భారతంలో రాతిగొడ్డళ్ల కాలంలో రాగి, కంచు వస్తువులు కొద్దిగా దొరికినా, ఉత్తర ఐరోపాలో వలె నిండైన కంచుయుగం ఏర్పడలేదు. రాతియుగం తరువాత ఇంచుమించు నేరుగా ఇనుపయుగమే వచ్చింది. డెన్మార్క్‌లో కంచుయుగం సుమారు క్రీ.పూ. 1700 నుండి క్రీ.పూ. 500 వరకు సాగింది. ఒక దేశపు నేల చెప్పిన వరుస మరొక దేశపు నేల చెప్పనక్కరలేదు. ఇది థామ్‌సెన్‌కు పరాజయం కాదు. ఆయన నేర్పినది మూడు పేర్లు మాత్రమే కాదు. ఎక్కడ దొరికింది, దేనితో దొరికింది అని అడిగే పద్ధతి. దక్షిణాన కంచుయుగం కొరవడిందని తేల్చినది కూడ ఆ పద్ధతియే.

మిగిలిన బాధ్యత

భారతదేశంలోనూ భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878లో చట్టం ఏర్పడింది. చట్టం పుస్తకంలో ఉంటుంది, వస్తువు పొలంలో ఉంటుంది. ఈ రెండింటినీ కలపగలిగినది చదువు. బావి త్రవ్వకంలో, ఇంటి పునాదిలో, చెరువు పూడికతీతలో నేటికీ పెంకులు, పూసలు, నూరిన రాళ్లు, నాణేలు బయటపడుతూనే ఉన్నాయి. వాటిని మొదట చూసేది పండితుడు కాదు; కూలివాడు, రైతు, బడికి వెళ్లే పిల్లవాడు. చూసిన వెంటనే కదపక, దొరికిన చోటును, దానితో కలిసి ఉన్న వస్తువులను గుర్తుపెట్టుకొని పెద్దలకు చెప్పగలిగితే, ఒక రాయి ఒక అధ్యాయం అవుతుంది. చెప్పకపోతే అది వట్టి రాయిగానే మిగిలిపోతుంది.

గాలెహుస్ కొమ్మును కనుగొన్న రైతుబిడ్డ పెద్ద చదువులు చదివినది కాదు. దానిని కరిగించిన స్వర్ణకారుడు తన విద్యలో ఆరితేరినవాడు. వీరిద్దరికీ నడుమ తాళంకంటె, చట్టంకంటె బలమైన కావలిని నిలపడానికి ఒక వర్తకుడు దుకాణపు తీరికవేళలన్నీ వెచ్చించాడు. ప్రదర్శనశాలను ప్రజల పాఠశాలగా మార్చాడు. తన పేరు ఎక్కడా చెక్కుకోలేదు. కాని ఏ దేశంలో, ఏ భాషలో, ఏ బడిలో విద్యార్థి రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని పలికినా ఆ మూడు మాటల వరుసలో క్రిస్టియన్ యూర్గెన్‌సెన్ థామ్‌సెన్ పరిశ్రమ పలుకుతూనే ఉంటుంది.